ఓనరే వండే స్పెయిన్ హోటల్లో భోంచేయడం ఎలా?

ఈరోజు టాపిక్ తిండి. అందులోనూ స్పెయిన్ తిండి. అనగానే పాయెల్లా గురించి చెప్తాననుకుంటున్నారు కదా? కాదు. పాయెల్లా గురించి మధ్యలో రెండు ముక్కలు చెప్తా, అంతే. ఈరోజు నేను చెప్పేది ఒక రకం రెస్టారెంట్ గురించి. పదిహేనో ఇరవయ్యో కుర్చీలు ఉంటాయి. ఓనరే వంటమనిషి. వాళ్ళావిడో, తమ్ముడో, కూతురో వడ్డిస్తారు. బోర్డు చిన్నగా ఉంటుంది, ఒక్కోసారి అసలు కనపడదు. ఫోన్లో మ్యాప్ "మీరు చేరుకున్నారు" అంటుంది, మనం మాత్రం ఒక గోడకేసి చూస్తూ నిలబడి ఉంటాం.

ఇది మనకి కొత్త వ్యవహారం ఏం కాదు. మన ఊళ్ళలో పూటకూళ్ళ ఇళ్ళు ఉండేవి. కన్యాశుల్కం చదివినవాళ్ళకి పూటకూళ్ళమ్మ గుర్తుంటుంది. తర్వాత మెస్సులు వచ్చాయి. మొగుడు పొయ్యి దగ్గర, పెళ్ళాం గల్లాపెట్టె దగ్గర. పన్నెండున్నరకి వెళ్తే పప్పు, వేపుడు, పులుసు అన్నీ ఉంటాయి. రెండున్నరకి వెళ్తే "అయిపోయిందండి" అంటారు. ఆ "అయిపోయింది" అనే మాటకి అక్కడ ఎవరూ కోప్పడరు. ఇంకో రోజు ముందే వస్తారు. స్పెయిన్‌లో నేను చెప్పే చిన్న రెస్టారెంట్ కూడా లోపల్లోపల అదే. తేడా ఏంటంటే, అక్కడ ఆ వంటాయన్ని షెఫ్ అంటారు, బాగా గౌరవిస్తారు, రేటు కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

నేను తిన్నది సాన్ సెబాస్టియన్‌లో. స్పెయిన్‌కి ఉత్తరాన, ఫ్రాన్స్ సరిహద్దు పక్కనే ఉన్న ఊరు. అది బాస్క్ వాళ్ళ ప్రాంతం. వాళ్ళ భాషలో ఆ ఊరి పేరు దొనోస్తియా. ఆ బాస్క్ భాషకి స్పానిష్‌తో చుట్టరికం లేదు, ప్రపంచంలో బతికున్న ఇంకే భాషతోనూ చుట్టరికం తేలలేదు. జనాభా రెండు లక్షల లోపే. అంటే మన దగ్గర ఒక మాదిరి జిల్లా కేంద్రం అంత. కానీ ఆ ఊళ్ళోనూ చుట్టుపక్కలా కలిపి మిషెలిన్ మూడు నక్షత్రాలున్న రెస్టారెంట్లు మూడు ఉన్నాయి: అర్సాక్, అకెలార్రె, పక్కనే లసార్తెలో మార్తిన్ బెరాసాతెగి. అర్సాక్ ఉన్న ఇల్లు 1897లో కట్టింది. హువాన్ మారి అర్సాక్ వాళ్ళ తాతా నాయనమ్మల కాలం నుంచీ అందులో అదే వ్యాపారం. నాన్న చిన్నప్పుడే పోతే అమ్మ నడిపింది. ఆయన తర్వాత కూతురు ఎలేనా అందుకుంది. చూశారా, ప్రపంచ ప్రఖ్యాతి వచ్చాక కూడా మొదలు అదే: కుటుంబం, పొయ్యి, ఒకే కప్పు.

మనం వెళ్ళేది అక్కడికి కాదు. నేను వెళ్ళింది 18 కుర్చీల చోటు. పేరు చెప్పను. ఇప్పటికే వాళ్ళకి కుర్చీలు చాలట్లేదు.

ముందు టైము సంగతి. ఇది అర్థం కాకపోతే స్పెయిన్‌లో ఆకలితో తిరుగుతారు. మధ్యాహ్నం భోజనం రెండు గంటలకి, రాత్రి భోజనం తొమ్మిదికి. చిన్న చోట్ల మధ్యాహ్నం ఒకటిన్నర దాకా పొయ్యి వెలగదు, మూడున్నర, నాలుగు దాటితే ఆరిపోతుంది. మళ్ళీ రాత్రి ఎనిమిదిన్నరకి. సాయంత్రం ఆరున్నరకి వెళ్ళి తలుపు కొడితే లోపల ఎవరైనా ఉన్నా, నేల తుడుస్తూ ఉంటారు. ఎందుకింత ఆలస్యం అంటే చాలా కారణాలు చెప్తారు. ఒకటి మాత్రం గడియారం. మ్యాపులో చూస్తే స్పెయిన్ లండన్‌కి నేరుగా కింద ఉంటుంది. కానీ 1940లో ఫ్రాంకో ప్రభుత్వం గడియారాన్ని ఒక గంట ముందుకు జరిపి జర్మనీ టైముతో కలిపింది. మళ్ళీ వెనక్కి జరపలేదు. వేసవిలో రాత్రి తొమ్మిదిన్నరకి కూడా వెలుతురు ఉంటుంది. ఆ వెలుతురులో ఎవరికి రాత్రి భోజనం గుర్తొస్తుంది చెప్పండి?

మరి ఆరింటికి ఆకలేస్తే ఏం చేయాలి? దానికి బార్లు ఉన్నాయి. అక్కడ బార్ అంటే మందు షాపు అనుకోకండి. కాఫీ, బ్రెడ్డు, పిల్లలు, ముసలాళ్ళు అందరూ ఉండే చోటు. సాన్ సెబాస్టియన్‌లో బార్ కౌంటర్ మీద పేర్చి పెట్టే చిన్న చిన్న తినుబండారాల్ని పిన్చో అంటారు. వాటిలో పాతది, అసలైంది హిల్దా. ఒక ఆలివ్ కాయ, ఒక ఉప్పులో ఊరిన ఆంచోవీ చేప, ఊరవేసిన సన్న పచ్చిమిరపకాయలు, అన్నీ ఒక పుల్లకి గుచ్చుతారు. పేరు సినిమా నుంచి వచ్చింది. 1946లో రీటా హేవర్త్ నటించిన గిల్డా ఉంది కదా, దాన్ని స్పానిష్‌లో హిల్దా అని పలుకుతారు. ఆ సినిమాలో హీరోయిన్‌లాగా ఉప్పగా, పచ్చగా, కాస్త ఘాటుగా ఉంటుందని ఆ పేరు పెట్టారు. నిలబడి ఒకటి తిని, ఒక గ్లాసు తాగి, ఇంకో బార్‌కి వెళ్ళిపోవడం వాళ్ళ పద్ధతి. ఒకే చోట కూర్చుని ఆరు రకాలు ఆర్డర్ చేస్తే తప్పేం లేదు గానీ, పక్కవాళ్ళు మిమ్మల్ని చూసి టూరిస్టు అని ఇట్టే పట్టేస్తారు.

ఇక రాత్రి తొమ్మిదికి నా 18 కుర్చీల చోటుకి వద్దాం.

లోపలికెళ్ళగానే మొదట గమనించేది మెనూ. బొమ్మలుండవు. పద్నాలుగు పేజీలుండవు. గోడ మీద నల్ల బోర్డు, సుద్దముక్కతో రాసిన తొమ్మిదో పదో లైన్లు. మన దగ్గర హోటల్ మెనూ తీస్తే నార్త్ ఇండియన్, సౌత్ ఇండియన్, చైనీస్, తందూరి, మళ్ళీ చివర్లో ఇటాలియన్ అని రెండు పాస్తాలు. రెండొందల రకాలు రాస్తే అందులో తాజాగా వండేవి ఎన్ని, ఫ్రీజర్లోంచి తీసేవి ఎన్ని అని ఒక్కసారి ఆలోచించండి. ఒక మనిషికి రెండు చేతులే ఉంటాయి. నాలుగు పొయ్యిలుంటాయి. ఆ చేతులతో, ఆ పొయ్యిల మీద, ఆ పొద్దున మార్కెట్లో దొరికిన సరుకుతో ఏది బాగా వస్తుందో అదే బోర్డు మీదికి ఎక్కుతుంది. బోర్డు చిన్నదంటే సరుకు లేదని కాదు, వండే మనిషి ఒక్కడే అని అర్థం.

అదే ఊళ్ళో బార్ నెస్టర్ అని ఒక చోటుంది, ఈ విషయంలో అది చాలా మొండిది. రోజూ మధ్యాహ్నం ఒక తోర్తియ్యా, రాత్రి ఒక తోర్తియ్యా. అంతే. తోర్తియ్యా అంటే ఇక్కడ మెక్సికో రొట్టె కాదు. ఆలూని ఆలివ్ నూనెలో మెత్తగా మగ్గబెట్టి, గుడ్లలో కలిపి మందంగా వేసే అట్టు. దాన్ని ముక్కలు కోస్తే ఎన్ని వస్తే అంతమందికే. ముందే వెళ్ళి పేరు రాయించుకోవాలి. ఇవి కాక మెనూలో టమాటా, మిరపకాయలు, మాంసం. ఇంకో నాలుగు పెనాలు కొనుక్కుని రోజుకి నలభై అట్లు వెయ్యలేరా? వెయ్యొచ్చు. వెయ్యరు. మన దగ్గర కూడా పొద్దున తొమ్మిదింటికల్లా పిండి అయిపోయి షట్టర్ దించేసే పెసరట్టు బళ్ళు ఉన్నాయి కదా. రెండో బకెట్ పిండి ఎందుకు రుబ్బడు అని ఎప్పుడైనా ఆ బండి ఆయన్ని అడగండి. ఆ జవాబులోనే ఈ ఎపిసోడ్ సగం ఉంది.

సరే, ఏం తిన్నాం? ముందు టమాటా. నవ్వకండి. ఒక పెద్ద టమాటా, లావు ముక్కలు, మీద ఆలివ్ నూనె, గళ్ళుప్పు. దీనికి డబ్బులు తీసుకుంటారా అని నాతో వచ్చిన మావాడు తెలుగులో గొణిగాడు. ఒక ముక్క తిన్నాక గొణగడం ఆపేశాడు. ఆ టమాటా ఎండలో పండింది, ఫ్రిజ్ మొహం చూడలేదు. దానికి ఇంకేం చేసినా పాడవుతుంది. వంట తెలిసినవాడు ఎక్కడ చెయ్యి పెట్టకూడదో కూడా తెలుసుకుంటాడు.

తర్వాత వచ్చింది బకలావో అల్ పిల్-పిల్. నేను ఈ ఎపిసోడ్ చెయ్యడానికి కారణమే ఈ కూర. కాస్త వివరంగా చెప్తా, వినండి.

బకలావో అంటే ఉప్పు పట్టించిన కాడ్ చేప. అవును, మన ఉప్పుచేప లాంటిదే. బాస్క్ జాలర్లు 1500ల్లోనే అట్లాంటిక్ దాటి కెనడా తీరం, న్యూఫౌండ్లాండ్ దాకా పడవలేసుకుని వెళ్ళి తిమింగలాలు, కాడ్ చేపలు పట్టుకొచ్చేవాళ్ళు. అన్నాళ్ళ ప్రయాణంలో చేప పాడవకుండా ఉండాలంటే ఉప్పే దారి. ఇప్పుడు ఫ్రీజర్లొచ్చాయి, ఉప్పు అవసరం లేదు. కానీ ఉప్పుతో చేపకొచ్చే ఆ గట్టి పట్టు, ఆ రుచి నాలుకకి అలవాటైపోయింది. ఎండుచేపల కూర ఎందుకు తింటున్నారు, తాజా చేపలు దొరుకుతున్నాయి కదా అని కాకినాడలో అడిగితే ఎలా ఉంటుందో, ఇదీ అంతే.

ఆ చేపని ముందు నీళ్ళలో నానబెట్టాలి. చల్లటి చోట, ఒకటిన్నర రోజు, రెండు రోజులు. మధ్యలో నీళ్ళు మారుస్తూ ఉండాలి. తక్కువ నానితే ఉప్పు కషాయం, ఎక్కువ నానితే చప్పిడి పీచు. అంటే శనివారం రాత్రి మీ ప్లేటులోకి వచ్చే ముక్క గురువారం రాత్రే నీళ్ళలో పడింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇప్పుడు వంట. మట్టి మూకుడు. ఆలివ్ నూనె. వెల్లుల్లి రెబ్బలు సన్నగా తరిగి, ఒక ఎండు మిరపకాయ చక్రాలుగా కోసి, నూనెలో వేయించి తీసేస్తారు. నూనె కాస్త చల్లారాక చేప ముక్కలు పెడతారు. మంట బాగా చిన్నది. నూనె మరగకూడదు, అక్కడక్కడా చిన్న బుడగ రావాలి, అంతే. ఆ వచ్చే చప్పుడే పిల్-పిల్ అంటారు, పేరు అలా వచ్చిందే. నెమ్మదిగా చేప చర్మంలోంచి జిగురు బయటికొస్తుంది. నూనెలో తెల్లటి చుక్కలు కనపడతాయి. ఇక అక్కడి నుంచి ఆ మూకుడుని రెండు చేతులతో పట్టుకుని గుండ్రంగా కదుపుతూనే ఉండాలి. గరిటె పెట్టడు. మూకుడే కదలాలి. కదపగా కదపగా నూనె, చేప నీరు, జిగురు మూడూ కలిసిపోయి చిక్కటి లేత పసుపు చారులాగా తయారవుతుంది. పిండి లేదు, పాలు లేవు, గుడ్డు లేదు. నూనె, నీళ్ళు కలవవని ఆరో క్లాసులో చదువుకున్నాం కదా, ఇక్కడ కలుస్తాయి. జిగురు మధ్యవర్తిగా కూర్చుని రెండిటినీ కలుపుతుంది. వేడి ఎక్కువైందా, విరిగిపోతుంది. పాలు విరిగినట్టే. నూనె ఒక పక్క, నీళ్ళు ఒక పక్క.

మేం కూర్చున్న చోటి నుంచి వంటిల్లు కనపడుతోంది. ఆయన వయసు యాభై దాటి ఉంటుంది. ఆ మూకుడు తిప్పడం మొదలుపెట్టాక పక్కన ఫోన్ మోగినా చూడలేదు, బయట ఎవరో పిలిచినా పలకలేదు. పది నిమిషాల పైనే తిప్పాడు. వాళ్ళావిడ మాకు వచ్చిన ఇంగ్లీషులో చెప్పింది, ఇరవై ఏళ్ళుగా తిప్పుతున్నాడు, కుడి భుజం పోయింది, వైద్యం నడుస్తోంది అని. చాలాచోట్ల జల్లెడతో కలుపుతారు, మిక్సర్ కర్రతో ఒక నిమిషంలో చేసేస్తారు. తినేవాడికి పెద్ద తేడా తెలుస్తుందా అని అడిగా. తెలియదేమో అంది. మరి ఎందుకు అంటే, భుజాలు ఎగరేసి నవ్వి వెళ్ళిపోయింది. నాకైతే తేడా తెలిసింది అని గొప్పలు చెప్పను. కానీ ఆ ప్లేటు ముందు కూర్చుని ఫోన్ తియ్యబుద్ధి కాలేదు.

మావాడి సమస్య వేరే. కారం లేదు. బ్యాగులోంచి కారప్పొడి పొట్లం తీశాడు. నేను ఆపాను. ఎందుకంటే పిల్-పిల్‌లో ఆ ఒక్క మిరపకాయ ఘాటు లెక్కగా పెట్టిందే, దాని మీద ఒక చెంచా గుంటూరు కారం పడితే మిగిలేది గుంటూరే. మీకో సంగతి తెలుసా, మనకి మిరపకాయ వచ్చిందే వీళ్ళ దారిన. మిరప పుట్టింది అమెరికా ఖండాల్లో. కొలంబస్ ప్రయాణాల తర్వాత స్పెయిన్‌కి చేరింది, పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో మన తీరానికొచ్చింది. అంతకుముందు మన ఘాటు ఎక్కువగా మిరియాలతోనే. టమాటా, ఆలూ కూడా ఆ దారిన వచ్చినవే. వాళ్ళు మిరపకాయని ఎండబెట్టి, పొగబెట్టి, తియ్యటి పొడి చేసుకున్నారు, దాన్ని పిమెంతోన్ అంటారు. మనం ఇలా చేసుకున్నాం. ఒకే కాయ, రెండు కాపురాలు.

పాయెల్లా రెండు ముక్కలు అన్నా కదా, ఇక్కడే చెప్పేస్తా. అది వాలెన్సియా వంట. ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ తినేది. అసలు వాలెన్సియా పద్ధతిలో కోడి, కుందేలు, చిక్కుళ్ళు ఉంటాయి. అడుగున మాడిన అన్నం పొరని సొకరాత్ అంటారు, దానికోసం కొట్టుకుంటారు. మన ఇళ్ళల్లో గిన్నె అడుగు మాడు గీక్కుని తినేవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. సాన్ సెబాస్టియన్‌లో, రాత్రి పదకొండింటికి, ఫుట్‌పాత్ మీద పాయెల్లా ఫోటో బోర్డు పెట్టి పిలుస్తుంటే, ఆ ఫోటో ఫ్యాక్టరీది, ఆ అన్నం కూడా ఎక్కువ శాతం ఫ్యాక్టరీదే.

ఇప్పుడు మన వాళ్ళకి బాగా అవసరమైన విషయం. శాకాహారం. బాస్క్ ప్రాంతంలో శాకాహారికి కష్టమే, అబద్ధం చెప్పను. కూరగాయల వంటకం అని రాసి ఉంటుంది, లోపల హమోన్ ముక్కలుంటాయి. హమోన్ అంటే ఉప్పు పట్టించి నెలల తరబడి, ఏళ్ళ తరబడి ఆరబెట్టిన పంది తొడ. వాళ్ళకి అది మాంసం కాదు, పోపు లాంటిది. శనగల కూరలో చోరిసో ఉంటుంది. మామూలు సలాడ్ అడిగితే మీద ట్యూనా చేప వేస్తారు. "సోయ్ వెహెతారియానో" అంటే చాలదు, అమ్మాయిలైతే "వెహెతారియానా" అనాలి. దాని వెనకే "ని కార్నె, ని పెస్కాదో, ని హమోన్" అని మూడూ విడివిడిగా చెప్పండి. మాంసం వద్దు, చేప వద్దు, హమోన్ వద్దు అని. బీఫ్ తినని వాళ్ళు "వాకా", "తెర్నేరా" అనే మాటలు గుర్తుపెట్టుకోండి. చులేత అని ఆ ఊళ్ళో ఎక్కడ చూసినా ఉంటుంది, అది ముసలి ఆవు మాంసమే, ఎముకతో బొగ్గుల మీద కాలుస్తారు. ఏదైనా పడని వాళ్ళుంటే, అలర్జీ వివరం చెప్పడం యూరోపియన్ యూనియన్ అంతా చట్టం. 14 రకాల పదార్థాల జాబితా ఉంది, అడిగితే చెప్పి తీరాలి. ఇవన్నీ టేబుల్ బుక్ చేసేటప్పుడే రాయండి. అక్కడ కూర్చున్నాక చెప్తే ఆయనేం చెయ్యగలడు? ఆయన బోర్డు మీద పది లైన్లే ఉన్నాయి. ముందే తెలిస్తే మాత్రం గుడ్డు తినే వాళ్ళకి పుట్టగొడుగుల మీద పచ్చసొన, కాల్చిన మిరపకాయలు, ఇదియసాబల్ అని గొర్రెపాల చీజ్, ఇలా ఏదో ఒకటి చూసిపెడతారు.

ఫోన్ సంగతి కూడా చెప్పాలి. ఫోటో తీసుకోండి, ఎవరూ కాదనరు. ఒకటి, రెండు. పిల్-పిల్ చల్లారితే గడ్డ కడుతుంది, రీల్ కోసం ఆరు యాంగిల్స్ అయ్యేసరికి మీ ముందున్నది వేరే కూర. వంటిల్లు గానీ మనుషుల్ని గానీ తీయాలంటే "పుయెదో?" అని ఒక్క మాట అడగండి. తీసుకోవచ్చా అని. తల ఊపుతారు, లేదా ఊపరు.

ఇక డబ్బు. మేం ఒక్కొక్కరం 55 యూరోలు ఇచ్చాం. ఐదు వేల రూపాయల పైమాటే. చిన్న టమాటా, చిన్న చేపముక్క, ఇంకో రెండు ప్లేట్లు, ఒక చీజ్‌కేక్ ముక్కకి అంతా అని మీకు అనిపిస్తుంది. చవగ్గా తినాలంటే వేరే దారుంది. మధ్యాహ్నం పూట మెను దెల్ దియా అని అడగండి, అంటే ఈరోజు భోజనం. ఒక మొదటి ఐటం, ఒక రెండో ఐటం, తీపి, బ్రెడ్డు, తాగడానికి ఏదో ఒకటి, అన్నీ కలిపి చాలా ఊళ్ళలో 12 నుంచి 16 యూరోల మధ్య వచ్చేస్తుంది. 1960ల్లో టూరిస్టుల కోసం ప్రభుత్వం హోటళ్ళ చేత పెట్టించిన పద్ధతి అది, చివరికి ఆఫీసుకెళ్ళే వాళ్ళ ప్లేటు భోజనం అయిపోయింది. చదువుకునే పిల్లలకి నా సలహా ఎప్పుడూ అదే. వారమంతా అది తినండి, ఒక్క రాత్రి మాత్రం దాచిపెట్టుకుని చిన్న షెఫ్ దగ్గరికి వెళ్ళండి.

ఆ 55 ఎక్కడికి పోతుందో లెక్క చూద్దాం. 18 కుర్చీలు. రాత్రికి ఒక్కటే పంక్తి, ఎవర్నీ లేపరు. నిండితే 990 యూరోలు. అందులో పదకొండో వంతు పన్ను. మిగిలినదాంట్లో సరుకే మూడో వంతు దాకా మింగుతుంది. అద్దె, కరెంటు, గిన్నెలు తోమే మనిషి జీతం, వీళ్ళ బీమా. ఇద్దరు మనుషులు పొద్దున తొమ్మిదికి మార్కెట్లో మొదలుపెట్టి రాత్రి ఒంటిగంటకి నేల తుడిచి పడుకుంటే వాళ్ళకి మిగిలేది గొప్పగా ఏం ఉండదు. పెద్ద హోటల్‌కి రెండొందల కుర్చీలుంటాయి, నలుగురు రాకపోతే తెలియను కూడా తెలియదు.

మేం వెళ్ళిన రాత్రి కిటికీ పక్క టేబుల్ ఖాళీగా ఉంది. నాలుగు కుర్చీలు. రిజర్వ్డ్ అని చిన్న అట్టముక్క పెట్టి ఉంది. తొమ్మిదింబావు, తొమ్మిదిన్నర, పది. ఎవరూ రాలేదు. ఆవిడ రెండుసార్లు ఫోన్ చేసింది, ఎత్తలేదు. ఈలోపు తలుపు దగ్గరికి ముగ్గురు వచ్చి అడిగితే లేదని పంపించేసింది. పదింబావుకి ఆ అట్టముక్క తీసేసింది. నాలుగు 55లు 220. ఆ రాత్రి రాబడిలో ఐదో వంతు పైనే. డబ్బు ఒక్కటే కాదు. గురువారం రాత్రి నీళ్ళలో వేసిన చేప గుర్తుందా? ఆ నాలుగు ముక్కలు అక్కడే ఉన్నాయి. ఉప్పు పోయింది కాబట్టి ఇక నిల్వ ఉండదు. మర్నాడు ఆదివారం రాత్రి, తర్వాత సోమవారం, రెండూ సెలవు.

ఇది ఎవరు చేస్తారో నాకు తెలుసు, మీకూ తెలుసు. ఫోన్లో ఒకే రాత్రికి మూడు చోట్ల బుక్ చేసి, సాయంత్రం ఏది మూడ్ ఉంటే అక్కడికి వెళ్ళడం. యాప్‌లో ఒక్క నొక్కు, డబ్బు కట్టక్కర్లేదు కదా అని. మన ఊళ్ళోనూ ఇది మొదలైంది. దీనివల్లే ఇప్పుడు స్పెయిన్‌లో చాలా చిన్న చోట్ల బుకింగ్‌కి కార్డు నంబరు అడుగుతున్నారు, రాకపోతే మనిషికి ఇంత అని కోస్తారు. "తినకుండానే డబ్బులా, దోపిడీ" అని ఒక్క స్టార్ ఇచ్చేవాళ్ళున్నారు. మీరు వెళ్ళలేకపోతే రద్దు చెయ్యండి. ముందు రోజు చేస్తే ఇంకా మంచిది, మధ్యాహ్నం చేసినా ఫర్వాలేదు, ఆ టేబుల్ ఇంకొకరికి ఇస్తారు. రెండు నిమిషాల పని. అలాగే తొమ్మిదికి బుక్ చేస్తే తొమ్మిదికే ఉండండి. స్పెయిన్ వాళ్ళు ఆలస్యం మనుషులు అని ఎవరో చెప్పారని తొమ్మిదీ ముప్పావుకి వెళ్ళకండి, వంటాయన ఒక్కడే.

ఈ పద్ధతిలోనే పైకి ఎంత దూరం వెళ్ళొచ్చు అంటే ఒక ఉదాహరణ చెప్తా. బిల్బావో దగ్గర కొండల మధ్య అష్పె అని ఒక చిన్న పల్లె ఉంది. ఆ పల్లె మధ్యలో అసాదోర్ ఎచెబార్రి. బిత్తోర్ అర్గిన్సోనిస్ అనే ఆయన నడుపుతాడు. ఏ వంట స్కూల్లోనూ చదువుకోలేదు. నిప్పు మీద కాల్చడం ఒక్కటే ఆయన విద్య. బొగ్గు తనే తయారు చేసుకుంటాడు, పదార్థాన్ని బట్టి కట్టె మారుస్తాడు. గ్రిల్‌ని చక్రం తిప్పి పైకీ కిందికీ జరుపుకునేలా తనే చేయించుకున్నాడు. 2024లోనూ 2025లోనూ ప్రపంచంలోని 50 మేటి రెస్టారెంట్ల జాబితాలో అది రెండో స్థానంలో ఉంది. ఆయన రెండో బ్రాంచి పెట్టలేదు, దుబాయ్ వెళ్ళలేదు. ఇప్పటికీ ఆ పొయ్యి దగ్గరే. మన దగ్గర ఒక పునుగుల బండి ఫేమస్ అయిందంటే ఆరు నెలల్లో ఫ్రాంచైజీ బోర్డులు లేస్తాయి. అది తప్పని అనను, వాళ్ళకీ పిల్లలున్నారు, అప్పులున్నాయి. కానీ బ్రాంచి నంబర్ ఏడులో తినేటప్పుడు మొదటి బండి రుచి వెతుక్కుంటూ తింటాం కదా, అది కూడా నిజం.

చివరి సంగతులు త్వరగా చెప్పేస్తా. నీళ్ళకి డబ్బు కట్టక్కర్లేదు. 2022లో వచ్చిన చట్టం ప్రకారం కుళాయి నీళ్ళు అడిగితే ఉచితంగా ఇవ్వాలి. "అగ్వా దెల్ గ్రీఫో" అనండి. టిప్పు తప్పనిసరి కాదు. నచ్చితే చిల్లర వదిలేయండి, పెద్ద చోట్ల కాస్త ఎక్కువ పెడతారు, అమెరికాలోలా శాతాలు లెక్కపెట్టక్కర్లేదు. తిన్నాక బిల్లు దానంతట అది రాదు. మనల్ని పట్టించుకోవట్లేదు అని చాలామంది మనవాళ్ళు చిరాకు పడతారు. అడక్కుండా బిల్లు పెట్టడం అంటే లేచి వెళ్ళమనడం, వాళ్ళకది అమర్యాద. భోజనం అయ్యాక టేబుల్ దగ్గరే కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి వాళ్ళ భాషలో ఒక పేరే ఉంది, సోబ్రెమెసా. పెళ్ళి భోజనాలయ్యాక ఆకులెత్తేసినా అరుగు మీద ముసలాళ్ళు లేవరు చూడండి, అదే.

మేం కూడా పన్నెండు దాకా కూర్చున్నాం. ఆయన బయటికొచ్చి, కుడి భుజం నొక్కుకుంటూ, ఎక్కడి నుంచి వచ్చారని అడిగాడు. ఇండియా అన్నాం. మీ దగ్గర చేపకి ఉప్పు పెడతారా అని అడిగాడు. పెడతాం, ఎండబెడతాం కూడా, చింతపండు పులుసు పోస్తాం, వంకాయ వేస్తాం అని మావాడు ఫోన్లో అనువాదం యాప్ పెట్టి చెప్పాడు. ఆయన చింతపండు అనే మాట దగ్గర ఆగి, అది ఎలా ఉంటుందో చూపించమన్నాడు. ఫోటో చూశాడు. పుల్లటిది పడితే జిగురు నిలుస్తుందా, విరిగిపోదా అని అడిగాడు. దానికి మా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చాక మా అమ్మనడిగితే, ఉప్పుచేప పులుసుని విరగకుండా ఎవడు తిప్పమన్నాడు, ఉడికితే చాలు అంది.

బిల్లు కావాలంటే "లా క్వెంతా, పోర్ ఫావోర్" అనండి. బుకింగ్ వారం ముందు చేసుకోండి. సోమవారం మాత్రం పెట్టుకోకండి, ఎక్కువ చోట్ల మూసేసి ఉంటుంది.